ఫోటో కూడా చరిత్రే!

ఢిల్లీ పక్కనున్న గురుగ్రాంలో 2019లో ‘మ్యూజియో కెమెరా’ అనే ఫోటోగ్రఫీ ప్రదర్శనశాల వెలిసింది. నల్లగుడ్డ కప్పుకుని ఫోటో తీసిన నాటి చెక్కపెట్టెలు మొదలుకొని నేటి కెమెరాల వరకు అక్కడ వరుసగా కనిపిస్తాయి. చూడబోయినవారు మొదట యంత్రాలనే మెచ్చుకుంటారు. కాసేపు నిలిచి చూస్తే, యంత్రం కన్న అది పట్టి ఉంచిన ముఖాలే విలువైనవని బోధపడుతుంది.

ఇందుకు హైదరాబాదే సాక్ష్యం. ఆరవ నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీనదయాళ్ (1844-1905) తీసిన మేడలు, దర్బారుల అందం లోకానికి తెలిసిందే. పంతొమ్మిదో శతాబ్దం చివర, నిజాం రాజ్యంలోనే ఉన్న ఔరంగాబాదులో కరువు సాయానికి చేరిన బక్కచిక్కిన జనం కూడా ఆయన సంస్థ తీసిన ఫోటోల్లో ఉన్నారు. దర్బారుతో పాటు ఆకలినీ చూపినందువల్లనే అవి నాటి బతుకుకు అద్దం పడుతున్నాయి. ఆయన స్టూడియోకు చెందిన 2,857 గాజు నెగటివులను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం కొని భద్రపరచింది.

మరి మన పల్లెల ఫోటోల గతి ఏమిటి? తాత ముత్తాతల పటాలు, పెళ్లి ఫోటోలు, బడి ముందు తీసిన గ్రూపు ఫోటోలు పాత ఇల్లు పడగొట్టగానే చెత్తకుప్పకు చేరుతున్నాయి. మూతబడిన స్టూడియోలలో నెగటివులు చెమ్మకు, బూజుకు పాడవుతున్నాయి. నాటి కట్టు, నగలు, పూరిళ్లు, ఎడ్లబండ్లు ఎలా ఉండేవో చెప్పే ఆధారాలు ఇలా మాయమవడం శోచనీయం. గుర్తుపట్టే పెద్దలు కన్నుమూస్తే, ఫోటో మిగిలినా అందులోని మనిషి పేరు మిగలదు.

కాబట్టి ప్రతి ఇంటివారు ఫోటో వెనుక మెత్తని పెన్సిలుతో పేరు, ఊరు, సంవత్సరం రాసి ఉంచాలి. తడిగుడ్డతో తుడవరాదు, చెమ్మగోడకు తగిలించరాదు. ఉపాధ్యాయులు పిల్లలచేత పెద్దలను అడిగించి వివరాలు రాయించాలి. సెల్‌ఫోనుతో నకలు తీసుకుని అసలు ఫోటోను ఇంటివారికే తిరిగి ఇవ్వాలి. ఆ నకళ్లను దాచడానికి గ్రామ గ్రంథాలయంలో ఒక్క బీరువా చాలు. పంచాయతీలకు ఇది మోయలేని ఖర్చేమీ కాదు.

రాజుల ఫోటోలకు రాజధానిలో చోటు దొరికింది. రైతు, కూలీల ఫోటోలకు సొంత ఊళ్లోనైనా చోటు దొరకాలి.