ఆగిన బండిని తిట్టకండి



మా సంఘంలో లారీ మీద బతికే కుటుంబాలు చాలానే ఉన్నాయి. కొందరు డ్రైవర్లు, కొందరు క్లీనర్లు, ఒకరిద్దరు అప్పు చేసి సొంత బండి కొనుక్కున్నవారు. కోడుమూరు నుంచి గోనెగండ్ల మీదుగా ఎమ్మిగనూరుకు, అక్కడి నుంచి ఆదోనికి పోయే రోడ్డులో పత్తి, ఉల్లి, వేరుశనగ లోడ్లు తిరుగుతూనే ఉంటాయి. ఎండాకాలం వచ్చిందంటే ఆ రోడ్డు పక్కన క్యాబిన్ ఎత్తి, ఆవిరి చిమ్ముతూ నిలబడిన బండి కనబడుతుంది. వాక్యధ్యానంలో రేడియేటర్ సంగతి ఏమిటని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. ఒక ఇంటి కూడు దాని మీద ఆధారపడి ఉన్నప్పుడు దాని గురించి ఆలోచించడం కూడా మన పనే.

మా అభిప్రాయం ముందే చెబుతాము. వేడెక్కిన బండిలో నీళ్లు పోసి "పోనీ, పోనీ" అనే అలవాటు మానుకోవాలి. నీళ్లు ఎక్కడికి పోయాయో తెలుసుకోకుండా బండి కదలకూడదు. ఆ ఆగిన పూటకయ్యే నష్టాన్ని డ్రైవర్ నెత్తిన వేయకూడదు.

సంఖ్యాకాండము 22వ అధ్యాయంలో బిలాము గాడిద కథ మీకు తెలుసు. అది దారిలో మూడుసార్లు ఆగింది. మూడుసార్లూ యజమాని దాన్ని కొట్టాడు. ఎదుట దూసిన కత్తి ఉన్నదని దానికి కనబడింది, ఆయనకు కనబడలేదు. తనను బతికించడానికి ఆగిన జీవిని తన పని చెడగొడుతున్నదని కొట్టాడు. టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దగ్గరికి పోయినప్పుడు బండి చేసేది కూడా ఆ గాడిద చేసిన పనే. ఎందుకు ఆగిందని అడగాలిగాని, ఎందుకు ఆగావని తిట్టి ప్రయోజనం లేదు.

ఎందుకు ఆగిందో కనుక్కోవడానికి ఒక వరుస ఉంది. ముందుగా బండిని రోడ్డు దింపి, ఇంజిన్ ఆపి, చల్లారనివ్వాలి. అరగంట, ముప్పావుగంట పట్టినా సరే. రేడియేటర్ మూతకు చేయి పెట్టవద్దు. ఆ మూత లోపల ఒత్తిడిని పట్టి ఉంచుతుంది. ఒత్తిడి ఉన్నంతసేపు లోపలి ద్రవం 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత తిప్పగానే ఆ ఒత్తిడి పోయి, అంతా ఒక్కసారిగా ఆవిరై మొహం మీదికి ఎగజిమ్ముతుంది. తువ్వాలు చుట్టుకుని తిప్పినా చర్మం ఊడుతుంది. పై హోస్ పైపు మెత్తగా, చేయి పట్టేంత చల్లగా అయ్యాకనే మూత తీయాలి. కాలుతున్న ఇంజిన్‌లో చన్నీళ్లు కుమ్మరిస్తే హెడ్డు పగిలే ప్రమాదం ఉంది.

తర్వాత బయట కనిపించే కారు చూడాలి. కూలెంట్‌కు ఆకుపచ్చో, గులాబీయో రంగు వేసేది ఇందుకు కూడా. కారిన చోట దాని మరక మిగులుతుంది. పై హోసు, కింది హోసు, వాటి క్లిప్పులు, రేడియేటర్ అతుకులు, డ్రెయిన్ బిరడా వరుసగా చూడండి. వాటర్ పంపు కింద ఒక చిన్న రంధ్రం ఉంటుంది. అందులోంచి చుక్కలు పడుతుంటే పంపు సీలు పోయిందని అర్థం. ఆ రంధ్రాన్ని మూయడం వైద్యం కాదు, పంపు మార్చాలి. ఏమీ కనబడకపోతే రాత్రి బండి కింద అట్టముక్కలు పరిచి, ఉదయం ఏ అట్ట తడిసిందో చూడండి. మంచి షెడ్డులో చేతిపంపుతో రేడియేటర్‌లో ఒత్తిడి పెట్టి చూస్తారు. చల్లని బండిలో దాక్కున్న కారు కూడా అప్పుడు బయటపడుతుంది.

బయట చుక్క కనబడకపోయినా నీళ్లు తగ్గుతున్నాయంటే, అవి లోపలికి పోతున్నాయి. ఇంజిన్ బాగా వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ ఆగకపోవడం, ఆయిల్ కడ్డీ మీద నూనె పాలు కలిపిన టీలా మారడం, పొద్దున స్టార్ట్ చేసిన కాసేపటికే హోసు రాయిలా బిగుసుకోవడం, రేడియేటర్‌లో బుడగలు ఆగకుండా రావడం హెడ్ గాస్కెట్ పోయిందనడానికి గుర్తులు. ఈ గుర్తులతో బండి నడిపితే గాస్కెట్‌తో పోయేది ఇంజిన్ దాకా పోతుంది.

కారు లేకుండానే వేడెక్కితే దారి వేరు. పై హోసు కాలుతూ కింది హోసు చల్లగా ఉంటే థర్మోస్టాట్ తెరుచుకోకపోవచ్చు, లేదా రేడియేటర్ పూడుకుపోయి ఉండవచ్చు. ఫ్యాన్ బెల్టు వదులైందా, ఫ్యాన్ సరిగా తిరుగుతున్నదా చూడాలి. మన వైపు ప్రత్యేకంగా చూడవలసింది ఒకటి ఉంది. ఆదోని జిన్నింగ్ మిల్లులకు తిరిగే బండ్ల రేడియేటర్ రెక్కల మధ్య పత్తి నూగు, దుమ్ము కలిసి దుప్పటిలా పట్టుకుంటుంది. దాంతో గాలి దూరదు. అలాంటి బండికి మెత్తని నీటిధారతో ఇంజిన్ వైపు నుంచి కడిగే పని ఒక్కటే చాలవచ్చు.

మా మండలంలోనే హంద్రీ మీద గాజులదిన్నె ప్రాజెక్టు ఉన్నా, రోడ్డు మీద డ్రైవర్ చేతికి దొరికేది ఎక్కువగా బోరు నీళ్లే. ఆ నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లని పొర కడుతుంది కదా, అదే పొర ఇంజిన్ దారుల్లోనూ కడుతుంది. పొర పెరిగేకొద్దీ వేడి బయటికి పోదు. కూలెంట్‌ను శుద్ధి చేసిన నీటిలో కంపెనీ చెప్పిన పాళ్లలో కలిపి పోస్తే తుప్పు పట్టదు, డీజిల్ ఇంజిన్ లైనర్లకు గుంతలు పడవు. అది ఖర్చు అనుకునేవారు రేడియేటర్ మార్చిన బిల్లు పక్కన పెట్టి లెక్క చూసుకోవాలి. ఇంకొక మాట. కారిన కూలెంట్ తియ్యగా ఉంటుంది, కాని విషం. పిల్లలు, కుక్కలు ముట్టకుండా మన్ను కప్పి ఎత్తిపారేయండి.

అన్నిటికంటే మోసం చేసేది ముల్లు. ఎర్రగీత దాకా పోయిన ముల్లు, ఏమీ చేయకుండానే హఠాత్తుగా చల్లటి వైపు పడిపోతే "హమ్మయ్య" అనుకోవద్దు. ద్రవమంతా కారిపోయి, వేడి కొలిచే సెన్సర్‌కు తడి తగలనప్పుడు కూడా ముల్లు అలాగే పడిపోవచ్చు. ఇంజిన్ కాలిపోతుంటే ముల్లు శాంతంగా ఉంటుంది. మనుషుల్లోనూ ఇలాంటి శాంతం ఉంటుందని మీకు మేము వేరే చెప్పనక్కరలేదు.

దీనికి ఎదురు మాట కూడా ఉంది. ఉల్లి కుళ్లిపోతుంది, మార్కెట్ దాటిపోతుంది, నెల తిరిగేసరికి ఫైనాన్స్ కంతు కట్టాలి అంటారు యజమానులు. అది అబద్ధం కాదు. చిన్న కారు ఎక్కడో తెలిసి, ఇంజిన్ చల్లారి, చేతిలో నీళ్లు ఉంటే, ముల్లు మీద కన్ను పెట్టి దగ్గరి షెడ్డు దాకా మెల్లగా పోవడాన్ని మేము తప్పు పట్టము. షెడ్డు దాటి ఆదోని దాకా పోదామనే ఆశనే తప్పు పడుతున్నాము. లోడు ఒక పూట ఆలస్యమైతే ధరలో కొంత పోతుంది. ఇంజిన్ సీజ్ అయితే బండి వారాలపాటు షెడ్డులో ఉంటుంది, కంతు మాత్రం ఆగదు.

నష్టం డబ్బుతో ఆగదు కూడా. సుగ్గి రోజుల్లో గుంటూరు వైపు మిరపకోతలకు పిల్లాపాపలతో బండ్లెక్కిపోయేది మన పల్లెల వాళ్లే. పరుగులో ఇంజిన్ పట్టేస్తే స్టీరింగ్ బిగుసుకుంటుంది. చీకట్లో నడిరోడ్డున నిలిచిపోయిన బండిని వెనక నుంచి వచ్చేవాడు చూడకపోవచ్చు. ఆ బండిలో ఎవరి బిడ్డలున్నారో ఒక్క క్షణం ఆలోచించండి.

అందుకే యజమానులైన సహోదరులకు మా మనవి. బండి ఆపానని డ్రైవర్ ఫోన్ చేస్తే మొదటి మాటగా "నువ్వు బాగున్నావా?" అని అడగండి. రెండో మాటగా "ఏం కనబడింది?" అనండి. ఆగిన రోజుకు బత్తా కోయవద్దు. బత్తా కోసిన యజమాని డ్రైవర్‌కు ముల్లు చూడవద్దని నేర్పినట్టే. డ్రైవర్ తమ్ముళ్లారా, బయలుదేరే ముందు చల్లని ఇంజిన్‌లో నీటిమట్టం చూసుకోవడానికి, బెల్టు నొక్కి చూడటానికి, బండి కింద నేలను ఒకసారి గమనించడానికి ఐదు నిమిషాలు చాలు. రోడ్డు పక్కన ఊళ్లవాళ్లకూ ఒక మాట: ఆగిన బండి దగ్గర ఒక బిందె నీళ్లు, కాస్త నీడ ఇవ్వండి. తొందరపడి మూత తిప్పబోయే చేతిని మాత్రం ఆపండి.