పరుగెత్తుకొచ్చిన తండ్రి

దెబ్బ తగిలితే మన నోట ‘అమ్మా’ అనో ‘అబ్బా’ అనో వస్తుంది. అబ్బ అంటే తండ్రి అని తెలుగులోనూ అర్థముంది. ‘నీ అబ్బ సొమ్మా?’ అని నిలదీసేటప్పుడు వాడేది ఆ మాటే. యేసు మాట్లాడిన అరామిక్ భాషలో కూడా అబ్బా అంటే తండ్రే. కొత్త నిబంధనలో అది కనిపించేది మూడే చోట్ల. మార్కు సువార్తలోనైతే గెత్సేమనే తోటలో, సిలువకు ముందు రాత్రి, నేల మీద పడి వేడుకుంటూ యేసు అలా పిలిచాడు.

దాన్ని పసివాళ్ల ముద్దుమాటగా చెప్పే బోధకులున్నారు. ఎదిగిన కొడుకులు, కూతుళ్లు కూడా తండ్రిని అలాగే పిలిచేవారని 1988లో బైబిల్ పండితుడు జేమ్స్ బార్ చూపించారు. అంటే అది బుద్ధి తెలిసినవాడి పిలుపు.

ఈ తండ్రీకొడుకుల బంధం ఎప్పటిది? కుమారుడైన యేసు లేని కాలం ఒకటుందని అలెగ్జాండ్రియాలో అరియస్ అనే క్రైస్తవ బోధకుడు చెప్పాడు. 325లో నికయలో కూడిన బిషప్పుల సభ ఆ మాట తోసిపుచ్చింది. కుమారుడు ఎప్పుడూ ఉన్నవాడైతే దేవుడు ఎప్పుడూ తండ్రే. లోకాన్ని సృష్టించి ఏలకముందే ఆయన తండ్రి. ముందు బంధం, తర్వాతే అధికారం.

ఈ సంగతి మరిచి, ఇంట్లో బెత్తం పట్టిన మగవాడికి దేవుణ్ణి సాక్షిగా నిలబెట్టడం అన్యాయం. తాగొచ్చి కొట్టే తండ్రిని చూసిన పిల్లకు ‘తండ్రి’ అన్న మాటే వణుకు పుట్టిస్తుంది. భూమ్మీద ఎవరినీ తండ్రి అని పిలవవద్దని యేసు చెప్పినట్టు మత్తయి సువార్తలో ఉంది. ఆ పేరు చెప్పి పెత్తనం చేసే హక్కు ఎవరికీ లేదనేగా! మన చర్చిల్లో పాస్టరుగారిని ‘అయ్యగారూ, మీరు’ అంటారు. ప్రార్థనలో తండ్రిని మాత్రం ‘నీవు’ అనే పిలుస్తారు. ఆ చనువు ఊరికే రాలేదు.

ఆ తండ్రి ఎలాంటివాడో లూకా 15వ అధ్యాయంలోని తప్పిపోయిన కుమారుడి కథ చెబుతుంది. తండ్రి బతికుండగానే వాటా పుచ్చుకుని, అంతా తగలేసి, పందులు మేపిన కొడుకు ఇంటిదారి పడతాడు. ముసలాయన దూరం నుంచే చూసి పరుగెత్తుతాడు. కొడుకు క్షమాపణ ఇంకా నోటిలోనే ఉంది, ఈయన మెడ మీద పడి ముద్దు పెట్టేశాడు. చిత్రకారుడు రెంబ్రాంట్ చివరి రోజుల్లో గీసిన ఈ ఘట్టం సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటేజ్ మ్యూజియం‌లో ఉంది. మోకరిల్లిన కొడుకు ఎడమకాలి చెప్పు ఊడిపోయి, అరిగిన పాదం మన వైపే ఉంటుంది. వీపు మీద తండ్రి రెండు చేతులు.

విందు మొదలయ్యాక పెద్దకొడుకు అలిగి గుమ్మం బయటే నిలబడిపోతాడు. తండ్రి అతని కోసమూ బయటికొచ్చి బతిమాలతాడు. అతను లోపలికి వెళ్లాడో లేదో లూకా రాయలేదు.