బూజు పేరు చెప్పి

"ప్రకృతిలోనే తేడాలున్నాయి. చివరికి బూజు కూడా పరాయి బూజును దగ్గరికి రానివ్వదు." ఒక సెమినార్‌లో విన్న మాట ఇది. చెబుతున్నది శిలీంధ్రాల గురించే అయినా, చూపు ఎవరివైపు ఉందో వెనక బెంచీల్లో కూర్చున్న మాకు తెలియకపోలేదు. ఆ రోజు నోరు పెగల్లేదు. హాస్టల్‌కి వచ్చి పుస్తకాలు తిరగేశాక ఇప్పుడు రాస్తున్నాం.

ఆ మాటలో సగం నిజం ఉంది. న్యూరోస్పోరా క్రాసా అనే నారింజరంగు బూజునే తీసుకుందాం. బీడిల్, టాటమ్‌లు 1941లో జన్యువుకూ ఎంజైముకూ ఉన్న సంబంధాన్ని తేల్చింది దీని మీదే. దీని రెండు కాలనీల పోగులు పెరుగుతూ పెరుగుతూ కలిశాయనుకోండి. 'హెట్' జన్యువుల్లో ఒక్కచోట తేడా ఉన్నా కలిసిన కణం చచ్చిపోతుంది. అలాంటి స్థానాలు కనీసం 11 ఉన్నాయి. ఒకదాని వైరస్ మరోదానికి అంటకుండా ఇదొక కాపుదల అని చాలామంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

వక్తగారు ఇక్కడే ఆగిపోయారు. సంతానం దగ్గరికి వస్తే లెక్క తిరగబడుతుంది. ఇదే బూజులో 'పెద్ద ఏ', 'చిన్న ఏ' అని రెండు రకాలున్నాయి. ఒకే రకం రెండు కలిస్తే సంతానం లేదు, వేరు రకాలే కలవాలి. షియర్, డాడ్జ్‌లు 1927లోనే ఈ సంగతి రాశారు. మమ్మల్ని ఆశ్చర్యపరిచింది ఇంకొకటి. పోగులుగా పెరిగేటప్పుడు కణాన్ని చంపే తేడాల్లో ఈ ఏ-ఏ తేడా కూడా ఒకటి! అప్పుడు చంపేదే, సంతానానికి తప్పనిసరి.

వానాకాలంలో ఎండుకట్టెల మీద చిన్న చిన్న తెల్ల విసనకర్రల్లా మొలిచే షైజోఫిల్లమ్ కమ్యూన్ అయితే మరీనూ. దానిలో 20 వేలకు పైగా రకాలు. ఒకే పుట్టగొడుగు బీజాలు తమలో తాము నాలుగింట ఒక వంతు జతలే కుదురుతాయి. బయటివాటితో దాదాపు అన్నీ కుదురుతాయి. (మేనరికాలవాళ్ళు మామీద కోప్పడవద్దు.)

అలాగని బూజును చూసి పెళ్ళిళ్ళు చేసుకోమని మేం అనడం లేదు. అలా అంటే ఆయనకూ మాకూ తేడా ఏముంది? బూజులో తేడా జన్యువుది. ఊళ్ళో తేడా మనుషులు పెట్టింది. దానికి బూజును సాక్ష్యం పిలవడమే తప్పు. పిలిచినా పూర్తి సాక్ష్యం చెప్పనివ్వాలి కదా!

డిగ్రీ చదివే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఇలాంటి మాట వినబడితే లేచి, "రెండో సగం ఏమిటి సార్?" అని అడగండి. మాకైతే ఆ ప్రశ్న రెండు రోజులు ఆలస్యంగా తట్టింది.