తత్త్వశాస్త్రానికి అధికారి ఎవరు?

తత్త్వశాస్త్రంలో పిహెచ్‌డి చేస్తానని చెప్పే దళిత విద్యార్థికి మా అచ్యుతాపురంలో మొదట ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: 'అది చదివితే ఏమొస్తుంది?' ఈ ప్రశ్నను తేలిగ్గా కొట్టిపారేయడం అన్యాయం. భూములు సెజ్‌కు పోయి, ఇంటికొకరు బట్టల పరిశ్రమకో మందుల పరిశ్రమకో షిఫ్టుల లెక్కన వెళ్లివస్తున్న కుటుంబాలు అడిగే ప్రశ్న అది. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేస్తే ఊరి పక్కనే జీతం దొరుకుతుంది. తత్త్వశాస్త్రం చేస్తే ఏం దొరుకుతుందో ఎవరికీ తెలియదు. ఆకలి తెలిసినవారు ఫలితం అడగడంలో తప్పు లేదు.

అయితే విశ్వవిద్యాలయం గడప తొక్కాక ఎదురయ్యే రెండో ప్రశ్నకు ఈ న్యాయం లేదు. 'మీకు తత్త్వశాస్త్రం ఎందుకు?' అన్నది ఆ ప్రశ్న. సంక్షేమ పథకాల మీదో, వలసల మీదో, హాస్టళ్ల మీదో పరిశోధన చేయవచ్చు కదా అన్నది దాని వెనుకనున్న సలహా. మొదటి ప్రశ్న పేదరికం నుంచి పుట్టింది. రెండోది కులం నుంచి పుట్టింది. ఈ రెండూ కలిసి ఒక శాస్త్రం తలుపులను కొన్ని కులాలకు మూసి ఉంచుతున్నాయి. ఈ తలుపు గురించి మాట్లాడడమే ఈ వ్యాసం ఉద్దేశం.

వేదాంత గ్రంథాలకు ఒక సంప్రదాయం ఉంది. శాస్త్రం మొదలుపెట్టేముందు నాలుగు విషయాలు తేల్చాలి: అధికారి, విషయం, సంబంధం, ప్రయోజనం. అనుబంధ చతుష్టయం అని దీనికి పేరు. గమనించవలసింది ఏమిటంటే, ఏమి చదవాలన్న ప్రశ్నకంటే ఎవరు చదవాలన్న ప్రశ్నే ముందు వస్తుంది. బ్రహ్మసూత్రాల మొదటి అధ్యాయం మూడో పాదంలో అపశూద్రాధికరణం ఉంది. ఉపనయనం లేనివాడికి వేదాధ్యయనం లేదు, వేదాధ్యయనం లేనివాడికి వేదపూర్వకమైన బ్రహ్మవిద్యలో అధికారం లేదు అని శంకరుడు అక్కడ వాదిస్తాడు. శూద్రుడికి ఇతిహాస పురాణాలను మాత్రం మిగులుస్తాడు. పంచముల సంగతి ఆ చర్చలోకే రాదు. సర్వమూ బ్రహ్మమేనన్న దర్శనం, ఆ సత్యాన్ని తెలుసుకునే హక్కు దగ్గరికి వచ్చేసరికి మనుషులను విడదీసింది. అద్వైతాన్ని బోధించే తరగతి గదిలో ఈ వైరుధ్యం మీద ఎంతసేపు నిలుస్తారన్నదాన్ని బట్టి ఆ విభాగం స్వభావం తెలిసిపోతుంది.

ఇది పాత కథ అనుకోనక్కరలేదు. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు 1931 నుంచి 1936 వరకు ఉపకులపతిగా ఉన్నవారు సర్వేపల్లి రాధాకృష్ణన్. హిందూ జీవన దృక్పథం మీద 1926లో ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో ఉపన్యసించారు. శతాబ్దాల ఒడిదొడుకులను తట్టుకుని నిలవడమే ఈ నాగరికత సత్తువకు నిదర్శనమన్న వాదన అందులో ఉంది. రాధాకృష్ణన్ వాల్తేరు వదిలిన 1936లోనే అంబేద్కర్ 'కుల నిర్మూలన' వెలువడింది. అందులో ఆయన రాధాకృష్ణన్ పేరెత్తి ఈ వాదనను ఎదుర్కొన్నారు. బతికి ఉండడం వేరు, ఏ స్థాయిలో బతుకుతున్నామన్నది వేరని, మనుగడ దానంతటదే యోగ్యతకు రుజువు కాదని ఆయన తేల్చారు. ఉన్నదాని నుంచి ఉండవలసినదాన్ని రాబట్టలేమన్నది నీతిశాస్త్రంలో మౌలికమైన చర్చ. ఆధునిక భారతదేశంలో జరిగిన గొప్ప తాత్త్విక సంవాదాల్లో ఇదొకటి. కాని ఇందులో ఒక పక్షాన్ని తత్త్వశాస్త్ర విభాగానికీ, రెండో పక్షాన్ని రాజనీతిశాస్త్ర విభాగానికీ పంచి ఇచ్చాం. ఒకరు దార్శనికుడు, మరొకరు దళిత నాయకుడు. ఈ పంపకంలోనే కులం ఉంది.

ఈ పంపకాన్ని గోపాల్ గురు 2002లో 'ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ'లో సూటిగా ఎత్తిచూపారు. సిద్ధాంతం చెప్పేవారు ఒకరు, అనుభవాన్ని సమాచారంగా సమకూర్చిపెట్టేవారు మరొకరు అయిన సామాజిక శాస్త్రాలు ఏపాటి సమానత్వం కలవని ఆయన నిలదీశారు. సిద్ధాంత బ్రాహ్మణులు, అనుభవ శూద్రులు అన్న విభజన అది. సుందర్ సరుక్కై దీనికి స్పందించారు. ఆ సంవాదం 2012లో 'ద క్రాక్డ్ మిర్రర్' అనే పుస్తకంగా వచ్చింది. అంటరానితనాన్ని అనుభవించినవారే దాన్ని సిద్ధాంతీకరించాలా, అనుభవం లేనివారికి ఆ హక్కు ఉందా అని వాదులాడుకున్న ఆ పుస్తకం, ఏ పాశ్చాత్య గ్రంథానికీ తీసిపోని తత్త్వశాస్త్రం. దళితుడు సర్వే పత్రం నింపడానికే కాదు, భావన నిర్మించడానికీ అర్హుడని అది నిరూపించింది.

ఇక నేటి అధికార నిర్ణయం ఎలా జరుగుతున్నదో చూద్దాం. ఉపనయనం స్థానంలో ఇప్పుడు ప్రవేశ పరీక్ష, ఇంటర్వ్యూ, గైడ్, ఫెలోషిప్ అనే నాలుగు మెట్లున్నాయి. 2016 యూజీసీ నిబంధనలు రాతపరీక్షను కేవలం అర్హతగా మార్చి, ఎంపిక మొత్తాన్ని ఇంటర్వ్యూ చేతిలో పెట్టాయి. విద్యార్థులు పోరాడిన తర్వాత 2018లో రాతపరీక్షకు 70, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ ఇచ్చారు. ముప్పై అయినా చిన్నదేమీ కాదు. రసాయనశాస్త్రంలో చర్య జరిగిందో లేదో పరీక్షనాళిక చెబుతుంది. తత్త్వశాస్త్రంలో అభ్యర్థి 'లోతు'ను ఎదురుగా కూర్చున్నవారే చెబుతారు. ఉచ్చారణ, ఇంగ్లిష్ ధోరణి, ఇంటిపేరు అన్నీ ఆ లోతులోకి చేరిపోతాయి. నేను హాజరైన ఒక ఇంటర్వ్యూలో బౌద్ధ తర్కం మీద నా ప్రతిపాదనను చదవకుండానే, సంస్కృతం రాకుండా ఇదెలా చేస్తావని అడిగారు. ప్రశ్న సమంజసమైనదే. అయితే అదే రోజు కాంట్ మీద పరిశోధన చేస్తానన్నవారిని జర్మన్ వచ్చా అని ఎవరూ అడగలేదు. భాష అవసరమైతే నేర్పాలి. నేర్పకుండా అడ్డుపెడితే అది భాష కాదు, గోడ.

గైడ్ విషయంలో లెక్క ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 2017లో అలహాబాద్ హైకోర్టు బోధక నియామకాల్లో విశ్వవిద్యాలయాన్ని కాక విభాగాన్ని యూనిట్‌గా తీసుకోవాలని చెప్పింది. 2018లో యూజీసీ దాన్ని అమలు చేయబూనింది. 13 పాయింట్ల రోస్టర్ అంటే ఇదే. అందులో మొదటి మూడు పోస్టులు జనరల్, నాలుగోది ఓబీసీ, ఏడోది ఎస్సీ, పద్నాలుగోది ఎస్టీ. తత్త్వశాస్త్రం ఎక్కడైనా చిన్న విభాగమే. ఆరుగురు బోధకులున్న విభాగంలో ఎస్సీ వంతు రానే రాదు. ఎస్టీ సంగతి చెప్పనక్కరలేదు. దేశవ్యాప్త ఆందోళన తర్వాత 2019లో పార్లమెంటు చట్టం చేసి విశ్వవిద్యాలయాన్నే యూనిట్‌గా నిలబెట్టింది. అయితే ఆ చట్టం కేంద్ర సంస్థలకు వర్తించేది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఖాళీలు ఏళ్ల తరబడి కాంట్రాక్టు, గెస్టు బోధకులతో గడిచిపోతున్నాయి. శాశ్వత బోధకుడు లేనిచోట గైడ్ లేడు. గైడ్ లేనిచోట పరిశోధకుడు లేడు. ఒక శాస్త్రంలోకి ఒక కులం రాకుండా చేయడానికి నిషేధాజ్ఞ అక్కరలేదు, ఖాళీని భర్తీ చేయకపోతే చాలు.

ఫెలోషిప్ నాలుగో మెట్టు. 2023లో జేఆర్‌ఎఫ్‌ను నెలకు 37,000 రూపాయలకు పెంచారు. ఎస్సీ పరిశోధకులకు జాతీయ ఫెలోషిప్ ఏటా 2,000 మందికి ఉంది. నెట్ లేనివారికి కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో ఇచ్చే 8,000 రూపాయలను 2015లో ఎత్తివేయబోతే విద్యార్థులు ఢిల్లీలో యూజీసీ కార్యాలయం ముందు బైఠాయించి కాపాడుకున్నారు. ఆ మొత్తం రాష్ట్ర విశ్వవిద్యాలయాల పరిశోధకులకు వర్తించదు. పైగా మంజూరైనది నెలనెలా అందాలి కదా. 2016 జనవరి 17న హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల మరణించిననాటికి ఏడు నెలల ఫెలోషిప్ రావలసి ఉందని ఆయన చివరి లేఖ చెప్పింది. విశ్వం గురించి, మనిషి విలువ గురించి ఆలోచించగల మనసు బకాయిల లెక్క కూడా రాసిపెట్టవలసి వచ్చిన దేశం మనది.

విదేశాలకు వెళ్లి చదువుదామన్నా దారి ఇరుకైంది. ఎస్సీలు, సంచార జాతులు, భూమిలేని కూలీల పిల్లల కోసం ఉన్న నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ నిబంధనలను 2022లో మార్చి, భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారత సమాజం మీద పరిశోధనాంశాలకు ఈ సాయం ఇవ్వబోమన్నారు. దేశంలోనే వనరులు ఉన్నాయి కనుక ఇక్కడే చదవమన్నది సమర్థన. కులాన్ని గురించి స్వేచ్ఛగా ఆలోచించడానికి కొంత దూరం అవసరమని కొలంబియాలో డ్యూయీ దగ్గర చదువుకున్న అంబేద్కర్ జీవితమే చెబుతుంది. ఆ దూరం డబ్బున్నవారికి ఉంది.

ఇన్ని అడ్డంకులున్నచోట ఈ శాస్త్రం కోసమే ఎందుకు పట్టుబట్టాలి? మన ఉద్యమాల్లోనే ఈ ప్రశ్న వినిపిస్తుంది. అంబేద్కరే అర్థశాస్త్రం, న్యాయశాస్త్రం ఎంచుకున్నారు కదా, తత్త్వశాస్త్రం బ్రాహ్మణుల వ్యాపకం కదా అంటారు. కాని ఆ అంబేద్కరే హిందూ ధర్మపు తత్త్వాన్ని న్యాయం అనే గీటురాయి మీద పరీక్షించారు. తన చివరి శ్రమను 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో పెట్టారు. చట్టం ఒక హక్కును ఇవ్వగలదు. ఆ హక్కు న్యాయమైనదని ఎందుకు ఒప్పుకోవాలో చెప్పేది తత్త్వం. కర్మ, ధర్మం, మైల, ప్రతిభ అనే మాటల అర్థాన్ని మరొకరి చేతిలో వదిలేస్తే, మన హక్కుల మీద తీర్పు కూడా వారి చేతిలోనే ఉంటుంది. లోకాయతులకు జరిగింది ఇదే. వారి గ్రంథాలు నిలవలేదు. ప్రత్యర్థులు ఖండించడానికి ఎత్తిరాసిన ముక్కల నుంచే నేడు మనం వారిని పోల్చుకోవలసి వస్తున్నది.

అచ్యుతాపురం నుంచి చూస్తే ఈ శాస్త్రం అవసరం మరింత తెలుస్తుంది. శ్రమ కలిపిన భూమి శ్రమించినవాడిదని లాక్ సిద్ధాంతం. తరాలుగా శ్రమ కలిపినా దళితుడికి భూమి ఎందుకు రాలేదు? వచ్చిన కొద్దిపాటిదీ డి-పట్టాగా ఎందుకు వచ్చింది? ప్రభుత్వం ఎప్పుడు కావాలన్నా తిరిగి తీసుకోగల భూమిని ఆస్తి అనవచ్చా? 2004లో మేకల పాండు కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం అసైన్డ్ రైతుకూ పట్టా రైతుతో సమానంగా పరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పేదాకా ఈ ప్రశ్న పరిహారం చెక్కుల మీద తేడాగా కనిపించింది. మూలంలో అది తాత్త్విక ప్రశ్న. అలాగే 2024 ఆగస్టు 21న ఇక్కడి ఎసెన్షియా మందుల పరిశ్రమలో జరిగిన ప్రమాదంలో 17 మంది చనిపోయారు. కుటుంబానికి కోటి రూపాయల పరిహారం ప్రకటించారు. వెల ఉన్న వస్తువుకు బదులు మరొకటి పెట్టవచ్చు, మనిషికున్నది వెల కాదు, గౌరవం అని కాంట్ చేసిన భేదాన్ని ఈ సెజ్ గేటు ముందు నిలబడి చదివితే వేరే అర్థం వస్తుంది. ప్రమాదం గురించి ముందే తెలిసినా వేరే దారి లేక పనిలోకి వెళ్లినవాడి అంగీకారాన్ని అంగీకారం అనవచ్చా? ఈ ప్రశ్న మీద ఒక డాక్టరేట్ రాదగ్గ ఊరు ఇది. అనకాపల్లి పక్కన శంకరంలో బొజ్జన్నకొండ మీద కొండను తొలిచి ఆరామాలు కట్టుకున్న భిక్షువులు, పుట్టుకతో అధికారం రాదన్న దర్శనాన్ని ఈ నేల మీదే చదివారు, బోధించారు. తత్త్వచింతన మనకు అరువు సొమ్ము కాదు.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నూరేళ్లు నిండిన సందర్భంలో కోరదగినవి కొన్ని ఉన్నాయి. నెట్ సిలబస్‌లోకి ఇప్పటికే వచ్చిన ఫూలే, నారాయణ గురు, అంబేద్కర్‌లను ఎమ్మే స్థాయిలో పేర్లుగా కాక పూర్తి పేపరుగా బోధించాలి. పరిశోధనలో చేరిన మొదటి ఏడాదిలోనే పాళీ, సంస్కృతం విశ్వవిద్యాలయమే నేర్పాలి. ఇంటర్వ్యూ మార్కులను రాతపరీక్ష మార్కులతో పాటు కేటగిరీల వారీగా ప్రకటించాలి. బోధక పోస్టులు భర్తీ చేసే ప్రతిసారీ రోస్టర్‌ను బహిరంగపరచాలి. నెట్ లేని రాష్ట్ర పరిశోధకులకు ప్రభుత్వం నెలనెలా అందే ఫెలోషిప్ పెట్టాలి. తెలుగులో సిద్ధాంత వ్యాసం రాసేవారిని తక్కువగా చూడడం మానాలి. ఇవేవీ పెద్ద ఖర్చుతో కూడినవి కావు.

విద్యార్థి మిత్రులకు ఒక మాట. 'అది చదివితే ఏమొస్తుంది' అని అడిగే తల్లిదండ్రులకు ఓపికగా జవాబు చెప్పండి, వారికి ఆ హక్కు ఉంది. 'మీకెందుకు' అని అడిగేవారికి మాత్రం మీ సినాప్సిస్ చూపించండి. అధికారి ఎవరన్న పాత ప్రశ్నకు భాష్యాల్లో జవాబు దొరకదు. వచ్చే విద్యాసంవత్సరం తత్త్వశాస్త్ర విభాగం నోటీసుబోర్డు మీద అతికించే ప్రవేశాల జాబితాలో ఎవరి పేర్లున్నాయన్నదే ఆ జవాబు.