ఇల్లు మారిన అక్షరాలు

చాలా ఏళ్లు విండోస్ ల్యాప్‌టాప్ మీద రాసుకున్నాక, పోయిన నెల మ్యాక్‌కి మారాను. పాతది ముసలిదైపోయింది, అంతకు మించి కారణం లేదు.

కౌలాలంపూర్‌లో ల్యాప్‌టాప్ కొనడం ఏమంత పెద్ద పని కాదు. బుకిత్ బింతాంగ్‌లో లో యాట్ ప్లాజా అని ఒకటుంది, అంతస్తులకి అంతస్తులు కంప్యూటర్ కొట్లే. ర్యామ్ ఎంత, స్టోరేజీ ఎంత, బ్యాటరీ ఎన్ని గంటలొస్తుంది, అడగకుండానే చెప్తారు. తెలుగు వస్తుందా అన్నది మాత్రం మనమే చూసుకోవాలి. వాళ్లననడానికి లేదు. మలయ్ భాషని ఇక్కడ ఎక్కువగా రోమన్ లిపిలోనే రాస్తారు కాబట్టి ఇంగ్లీషు కీబోర్డే వాళ్ల కీబోర్డు. ఆ ప్రశ్న వాళ్లకి తట్టాల్సిన అవసరం లేదు.

మారిన కొత్తలో వేళ్లు తడబడతాయి. కంట్రోల్ నొక్కాల్సిన చోట కమాండ్ నొక్కాలి. డిలీట్ అని రాసున్న మీట వెనక్కి చెరుపుతుంది. ఎర్ర చుక్క నొక్కితే కిటికీ మూసుకుంటుంది గానీ చాలాసార్లు ప్రోగ్రాం నడుస్తూనే ఉంటుంది. ఇవన్నీ రెండు వారాల ముచ్చట. తెలుగులో రాసేవాళ్లు పట్టించుకోవాల్సినవి వేరే మూడున్నాయి: అక్షరం వెనకున్న అంకె, అక్షరం రూపు, దాన్ని కొట్టే వేళ్లు.

ముందు వేళ్ల సంగతి. విండోస్‌లో మొదట్నుంచీ ఉన్నది ఇన్‌స్క్రిప్ట్. పలికినట్టు కొట్టే ఫొనెటిక్ కీబోర్డు 2019లో విండోస్ 10కి వచ్చింది. మ్యాక్‌లో తెలుగు అని ఒకటి, తెలుగు క్వెర్టీ అని ఒకటి ఉన్నాయి. రెండోదాని పేరు చూసి ఆర్‌టీఎస్ అనుకోకండి, ఇది మీటకో అక్షరం పద్ధతి. రైస్ యూనివర్సిటీలో పుట్టిన ఆర్‌టీఎస్‌కి అలవాటుపడ్డ నాలాంటి వాళ్లకి వీవెన్ గారి లేఖిని ఉండనే ఉంది. అది బ్రౌజర్‌లో నడుస్తుంది కాబట్టి కింద ఏ యంత్రం ఉన్నా దానికి ఒకటే.

ఇక రూపు. విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన గౌతమి, ఆ తర్వాత నిర్మల, ఈ రెండింటికీ కళ్లు అలవాటుపడిపోయాయి. మ్యాక్‌లో ఫాంట్ల జాబితా తెరిస్తే కోహినూర్ తెలుగుతో పాటు తెలుగు ఎమ్‌ఎన్, తెలుగు సంగమ్ ఎమ్‌ఎన్ అని కనిపించాయి. ఈ ఎమ్‌ఎన్ అంటే ముత్తు నెడుమారన్. ఎక్కడివారో కాదు, మలేషియా తమిళులు. కంప్యూటర్‌లో తమిళం రాయడానికి మురసు అంజల్ చేసిన ఆయనే తమిళంతో ఆగకుండా మన లిపికీ ఫాంట్లు చేశారు. 2011లో వచ్చిన లయన్‌తో మ్యాక్‌లో తెలుగు ఫాంట్లు చేరాయి. ఎక్కడో కాలిఫోర్నియా నుంచి వచ్చిందనుకున్న తెలుగక్షరం వెనక నేనుంటున్న దేశపు మనిషి చెయ్యి ఉందని తెలిసి, ఆ రోజు ఆ ఫాంటులోనే రాసుకున్నాను.

మన లిపిని పేర్చడం యంత్రాలకి అంత తేలిక కాదు. 2018 ఫిబ్రవరి గుర్తుందా? ఒక్క తెలుగు అక్షరం వస్తే ఐఫోన్లు, మ్యాక్‌లు కుప్పకూలాయని లోకమంతా వార్త. అది జ్ఞా. మామూలుగా రాసిన జ్ఞానంతో ఏ ఇబ్బందీ లేదు. జ్ఞకీ దీర్ఘానికీ మధ్య కంటికి కనిపించని ఒక గుర్తు దూరితేనే ఆ గొడవ. సాఫ్ట్‌వేర్ అని రాసేటప్పుడు టకి కింద వావత్తు పడకుండా ఆపే గుర్తే అది. ఆ నెల 19న ఆపిల్ దాన్ని సరిచేసింది.

అన్నిటికన్నా ముఖ్యం అంకె. 1991లో వచ్చిన యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగుకి 128 గళ్ల చోటిచ్చారు. అందులో కకి ఒక అంకె, ఖకి ఒక అంకె. ఆ అంకె ఏ యంత్రంలోనైనా అదే. అందుకే యూనికోడ్‌లో రాసిన నా ఫైళ్లన్నీ మ్యాక్‌లో చెక్కుచెదరకుండా తెరుచుకున్నాయి.

అంతకు ముందరివి అలా కాదు. పాత డీటీపీ ఫాంట్లలో మన అక్షరాల బొమ్మలని ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చోబెట్టేవారు. ఆ రోజుల్లో పత్రికకి పంపాలన్నా, పుస్తకం వేయాలన్నా అదే దారి. ఆ ఫాంటు ఉన్నంతసేపు అది కథ. లేని యంత్రంలో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలిసిన గందరగోళం. నావి పన్నెండు కథలు అలా కనిపించాయి. అది తెలుగని నాకు తెలుసు కాబట్టి సరిపోయింది.

తెలియనివాళ్ల సంగతేమిటన్నదే నా బెంగ. పేరాక్‌లో బగాన్ దాతుక్ చుట్టుపక్కల కొబ్బరి తోటల్లోకి మనవాళ్లు వచ్చి తరాలు గడిచాయి. 1981లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది ఈ ఊళ్లోనే. ఇప్పటి పిల్లల్లో తెలుగు మాట్లాడేవాళ్లున్నా చదవగలిగేవాళ్లు అందరూ కారు. తాత టైపు చేసి పెట్టుకున్న పాటలో, వంశవృక్షమో ఓ మనవరాలు తెరిచిందనుకోండి. ఎదురుగా ఇంగ్లీషు చెత్త. ఫైలు పాడైపోయిందనుకుని తీసేస్తుంది. లిపి తెలిసినవాళ్లకే అది పోగొట్టుకోకూడనిదని తెలుస్తుంది.

కాబట్టి పాత ల్యాప్‌టాప్‌ని ఎవరికైనా ఇచ్చేసే ముందు ఒక ఆదివారం దానికివ్వండి. పాత ఫాంటు ఫైళ్లు ఏవో ఏరండి. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు నెట్‌లో దొరుకుతాయి. వత్తుల దగ్గర తప్పులు పోతుంటాయి కాబట్టి, పాత తెరమీద అసలు ప్రతి కనిపిస్తున్నప్పుడే పక్కన పెట్టుకుని పోల్చి చూసుకోండి. పీడీఎఫ్ కూడా ఒకటి దాచండి. విండోస్‌లో వాడిన బయటి డ్రైవ్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఉంటే మ్యాక్ దాన్ని చదువుతుంది గానీ మామూలుగా అందులో రాయలేదు. ఎక్స్‌ఫ్యాట్‌లో ఉంటే రెండుచోట్లా పనిచేస్తుంది.

నా పన్నెండింటిలో తొమ్మిది అయ్యాయి. మిగతా మూడూ అయ్యేదాకా పాత ల్యాప్‌టాప్ ఎవరికీ ఇవ్వను.