మొదటి ఆప్షన్ ఎవరిది?



ఎంసెట్ ర్యాంకు చేతికందగానే (ఇప్పుడు దాని పేరు ఈఏపీసెట్, మన నోటికి మాత్రం ఎంసెటే) ఇంట్లో ఒకటే చర్చ: ఏ కాలేజీ? ఈ విషయంలో సలహా చెప్పేముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

మా పెద్దవాడికి యంత్రాలంటే ప్రాణం. మెకానికల్ చదవాలని, అదీ కాకినాడలో చదవాలని వాడి ఆశ. 2021లో వెబ్ ఆప్షన్లు పెట్టే రోజున నెట్ సెంటరులో వాడి పక్కన కూర్చుని, ఇంటికి దగ్గర్లోని కాలేజీని మొదట పెట్టించాను. కాకినాడ నాలుగో వరుసకు పోయింది. పెద్ద కాలేజీ ముందు పెడితే ఉన్నదీ పోతుందేమోనని నా భయం. కుర్రవాడు కళ్లకు దూరమైపోతాడన్నది అంతకంటే పెద్ద భయం. అనుకున్నట్టే దగ్గర్లో సీటు వచ్చింది. వాడికంటే వెనుక ర్యాంకు వచ్చిన, మా వర్గంలోనే ఉన్న స్నేహితుడు కాకినాడలో చేరాడు. రెండో విడతలో మార్చుకుంటానని మావాడు అడిగితే "దేవుడిచ్చింది చాలురా" అన్నాను. వాడు ఎదురు చెప్పలేదు. నా భయానికి దేవుని పేరు పెట్టానని నాకు తెలిసేసరికి ఆలస్యమైంది.

కౌన్సెలింగ్ పద్ధతి ఇలా ఉంటుంది. ర్యాంకుల వరుసలో ఒక్కొక్కరి ఆప్షన్లను కంప్యూటరు పైనుంచి కిందికి చూస్తుంది. ఆ ర్యాంకుకు, ఆ వర్గానికి మొదట ఖాళీ దొరికినచోట సీటు ఇచ్చి ఆగిపోతుంది. పైన పెద్ద ఆశ పెట్టుకున్నంత మాత్రాన కింది సీటు పోదు. కాబట్టి ఇష్టమైనవి ముందు, తప్పక వస్తాయనుకున్నవి చివర ఉండాలి. కిందటేడు ఏ బ్రాంచిలో ఏ ర్యాంకు వరకు సీటు వచ్చిందో తెలిపే పట్టికలు దొరుకుతాయి. బి.సి.-సి కిందికి వచ్చే మన పిల్లలు ఆ వర్గం అంకెలే చూసుకోవాలి.

ఇక పెద్దల పని ఏమిటి? బిడ్డ కోరిన కాలేజీ గురించి నిజం కనుక్కోవడం. న్యాక్ గుర్తింపు కాలేజీ మొత్తానికి ఇస్తారు; ఎన్.బి.ఎ. గుర్తింపు ఒక్కొక్క బ్రాంచికి వేరుగా ఉంటుంది. మీ బిడ్డ చేరబోయే బ్రాంచికి ఉందా అని అడగండి. బోర్డు మీద వేసే పెద్ద జీతం ఏ ఒక్కరిదో కావచ్చు. ఆ బ్రాంచిలో ఎందరు చదివారు, ఎందరికి ఉద్యోగాలు వచ్చాయి అన్నది అడగండి. తరగతులు జరిగే రోజున వెళ్లి, మూడో సంవత్సరం పిల్లలతో మాట్లాడండి.

ఖర్చు దాచవద్దు. కట్టడం మొదలుపెట్టకముందే లెక్క చూసుకోవాలని గోపురం ఉపమానంలో ప్రభువు నేర్పాడు గదా! ఫీజు, హాస్టలు, ప్రయాణాలు నాలుగేళ్లకూ లెక్కవేసి, ఎంతవరకు మోయగలరో బిడ్డకు చెప్పండి. చెబితే పిల్లలు అర్థం చేసుకుంటారు.

2024లో మా అమ్మాయి వంతు వచ్చింది. ఈసారి ఆప్షన్లు తను రాసింది, ఖర్చుల కాగితం నేను రాశాను. అది చూసి రెండు కాలేజీలు తనే కొట్టేసింది. మొదటి వరుసలో 200 కిలోమీటర్ల దూరంలోని కాలేజీ ఉంది. గుండె బరువెక్కినా సేవ్ బటన్ నొక్కమన్నాను.

ఆ రాత్రి కుటుంబ ప్రార్థన అయ్యాక పెద్దవాణ్ణి పిలిచి, క్షమించమని అడిగాను. "ఫరవాలేదు నాన్నా" అన్నాడు. మీ బిడ్డను మీరు అలా అడగవలసిన రోజు రాకూడదనే ఇది రాశాను.