క్షమాపణ చాలదు, పెత్తనం వదలాలి

కెనడాలో యునైటెడ్ చర్చ్ అనే పెద్ద ప్రొటెస్టెంటు సంఘం ఉంది. మెథడిస్టులు, కాంగ్రిగేషనలిస్టులు, ప్రెస్బిటేరియన్లలో ఎక్కువమంది కలిసి 1925 జూన్ 10న టొరంటోలో దాన్ని స్థాపించారు. మన దగ్గర కూడా ఇలాగే 1947లో వేర్వేరు మిషన్ల సంఘాలు కలిసి సి.ఎస్.ఐ. ఏర్పడింది. డోర్నకల్, మెదక్ వైపు పిల్లలకు ఆ పేరు కొత్త కాదు. అక్కడి చర్చితో మనకేం పని అని అడిగేవాళ్లు ఈ వ్యాసం చివరిదాకా చదవాలి. ఎందుకంటే ఆ చర్చి చేతిలో నలిగినవాళ్లు ఆదివాసులు.

ఆ చర్చికి ప్రగతిశీలం అని పేరు. ఆ పేరు ఊరికే రాలేదు. 1936లోనే ఒక స్త్రీని పాస్టరుగా అభిషేకించింది. స్వలింగ ప్రేమికులు కూడా సభ్యులు కావచ్చు, పాస్టర్లు కావచ్చు అని 1988లో తీర్మానించింది. అయినా దాని గుడులు ఖాళీ అవుతున్నాయి. 1960ల నడుమ పది లక్షలు దాటిన సభ్యుల సంఖ్య ఇప్పుడు అందులో మూడో వంతుకు పడిపోయింది. నూరేళ్లు నిండిన ఈ చర్చి ఇంకెన్నాళ్లు బతుకుతుందని లోపలా బయటా వాదం నడుస్తోంది.

ప్రగతిశీలం అయినందుకే చెడిందని ఒక పక్షం అంటుంది. ఇది లెక్కకు నిలవని మాట. తగ్గుదల 1960లలోనే మొదలైంది, 1988 తీర్మానం ఇరవై ఏళ్ల తర్వాతది. 1925లో కలవకుండా విడిగా ఉండిపోయిన ప్రెస్బిటేరియన్లూ తగ్గారు, ఆంగ్లికన్లూ తగ్గారు. పాత సిద్ధాంతాలు ఇంకా వదిలేస్తే యువత వస్తుందని రెండో పక్షం ఆశ. ఈ రెండు పక్షాలూ గుడిలో కూర్చున్న తలలనే లెక్కపెడుతున్నాయి. గుడి ఎవరి నేలమీద లేచిందో, ఎవరి పిల్లల్ని ఎత్తుకొచ్చి పెంచిందో అడగడం లేదు. మనం అడగాల్సింది అదే.

కెనడా ప్రభుత్వం ఆదివాసీ పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి రెసిడెన్షియల్ బడుల్లో పెట్టింది. ఆ బడులను నడిపింది చర్చిలు. మొత్తం మీద లక్షన్నర మంది పిల్లలు వాటిలో పెరిగారు. సొంత భాష మాట్లాడితే శిక్ష. జుట్టు కత్తిరించారు, పేర్లు మార్చారు. వేలమంది పిల్లలు తిరిగి ఇంటికి చేరలేదు. యునైటెడ్ చర్చ్, దానిలో కలిసిన పాత సంఘాలు నడిపిన బడులు 15.

1986 ఆగస్టులో సడ్బరీ పట్టణంలో ఆ చర్చి మోడరేటరు రాబర్ట్ స్మిత్ ఆదివాసులకు క్షమాపణ చెప్పాడు. సువార్తతోపాటు మా సంస్కృతిని కూడా మీమీద రుద్దామని ఒప్పుకున్నాడు. రెండేళ్లకు ఆదివాసీ సభ్యులు జవాబు చెప్పారు: మీ మాట విన్నాం, అందుకున్నాం. అంగీకరించామని మాత్రం అనలేదు. క్షమాపణ చెప్పిన చోట గుర్తుగా పేర్చిన రాళ్ల కుప్పను పూర్తి చేయకుండానే ఉంచారు. పని మిగిలి ఉందని దాని అర్థం. మన పెద్దలు కూడా పంచాయితీలో తప్పు ఒప్పుకున్నవాడిని వెంటనే వదిలిపెట్టరు. తప్పు కట్టావా అని అడుగుతారు.

వాళ్లు తొందరపడకపోవడం ఎంత సరైందో తర్వాత తేలింది. మొదటి క్షమాపణలో బడుల మాటే లేదు. దానికోసం 1998 దాకా ఆగాల్సివచ్చింది. అప్పటికే పోర్ట్ ఆల్బర్నీ బడిలో పిల్లలపై లైంగిక దాడులు చేసిన సూపర్‌వైజరుకు 1995లో కోర్టు శిక్ష వేసింది. ఆ బడి బాధితులు నష్టపరిహారం కోసం దావా వేస్తే, బాధ్యత నాది కాదని చర్చి చివరిదాకా వాదించింది. 2005లో సుప్రీంకోర్టు నాలుగో వంతు బాధ్యత చర్చిదేనని తేల్చింది. వేదికమీద కన్నీళ్లు, కోర్టులో లాయర్లు. దీన్ని ప్రగతిశీలం అందామా?

ఆదివాసులను కుర్చీ ఎక్కించాం కదా అంటారు. నిజమే. 1992లో స్టాన్ మెక్కే, 2022లో కార్మెన్ లాన్స్‌డౌన్ మోడరేటర్లయ్యారు. 2012లో చర్చి ముద్రలో మోహాక్ భాష మాట చేరింది. ఇవి చిన్నవి కావు. కానీ ముద్రలో మన మాట ఉండటం వేరు, డబ్బుల పెట్టె తాళంచెవి మన దగ్గర ఉండటం వేరు. చర్చి లోపలే ఆదివాసులకు స్వయంప్రతిపత్తి గల సొంత వ్యవస్థ ఉండాలనే తీర్మానం 2024లో సంఘాల ఓట్లతో నెగ్గింది. నా దృష్టిలో ఈ నూరేళ్లలో ఆ చర్చి చేసిన అసలైన ప్రగతిశీల పని ఇదే. ఇక పరీక్ష ముందుంది. ఖాళీ అయిన గుడులు అమ్ముతున్నారు. ఆ గుడి కింది నేల ఎవరిది? అమ్మిన సొమ్ములో ఆదివాసులకు ఎంత? 1/70 చట్టం ఉండి కూడా నేల పోగొట్టుకున్న మనకు ఈ ప్రశ్న ఎవరూ నేర్పక్కర్లేదు. దీనికి ఆ చర్చి ఇచ్చే జవాబులోనే దాని గుర్తింపూ, భవిష్యత్తూ ఉన్నాయి. సభ్యులు సగానికి తగ్గినా ఫరవాలేదు, అప్పు తీర్చిన సంఘానికి పేరు మిగులుతుంది. అప్పు తీర్చకుండా నిండిన గుడి మనకెందుకు?

ఇక మన సంగతి. మన గూడేలకు మిషన్లు వచ్చాయి, మఠాలు వచ్చాయి, ప్రభుత్వ ఆశ్రమ పాఠశాలలు వచ్చాయి, సంఘాలు వచ్చాయి. అందరూ మన మేలు కోరే వచ్చామన్నారు. కొందరి మేలు మనం తిన్నాం, చదువుకున్నాం, దాన్ని కాదనక్కర్లేదు. కానీ ఉపాధ్యాయ మిత్రులారా, తెలుగు పలకలేని కోయ పిల్లను, సవర పిల్లవాడిని ఒకటో తరగతిలోనే మొద్దు అంటే అది ఏ బడికి తమ్ముడు? కోయ, సవర, కువి, గోండి వాచకాలు వచ్చాక కూడా బీరువాలో పెట్టి తాళం వేస్తే ఆ తప్పు ఎవరిది? ఆ పుస్తకం రేపు తీయండి. అందులో కథ ఊరి ముసలమ్మ చేత బడిలో చెప్పించండి.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మన పేరుతో సభ పెట్టి దండలు వేసేవాళ్లను మర్యాదగానే కూర్చోబెట్టండి. కూర్చున్నాక అడగండి: తీర్మానం ఎవరు రాశారు, లెక్కలు ఎవరి దగ్గర ఉన్నాయి, మా నేల సంగతేంటి? సడ్బరీలో వాళ్లు రాళ్లు పేర్చడం ఆపినట్టు, జవాబు వచ్చేదాకా మన చప్పట్లు కూడా ఆగాలి.